పాత కొలతకి కొత్త కాలు

"ముందు సుత్తి పట్టుకున్నది ఎవరు? నాకది చెప్పండి చాలు."

అన్నాలు తిన్న దగ్గర్నుంచి అత్తగారు ఈ మాట అడగడం నాలుగోసారి. ముప్ఫై ఒక్క ఏళ్ళు హెడ్‌మాస్టరమ్మగా చేసిన మనిషి. జవాబు రాని ప్రశ్నని బోర్డు మీంచి చెరిపే అలవాటు ఆవిడకి లేదు.

పెద్ద కోడలు కంప్యూటరు ముందు నిలబడి, తెర మీద ఎర్రక్షరాల్లో ఉన్న మూడు ముక్కల్నీ పదోసారి చదువుతోంది. అద్దె అందలేదు. సర్వర్ ఆపేశాం. ఈ సాయంత్రం అయిదు గంటలకి డిస్కు తుడిచేస్తాం. అంతే. కింద పేరు లేదు, ఫోను నంబరు లేదు, 'దయచేసి' అన్న మాటైనా లేదు.

ఆ డిస్కులో ఆరువందల పదముగ్గురి కొలతలున్నాయి. మోకాలి కింద తెగినవాళ్ళు, మోకాలి పైన తెగినవాళ్ళు, మోచేతి దగ్గర పోగొట్టుకున్నవాళ్ళు. ఎవరికి ఎముక ఎక్కడ గుచ్చుకుంటుందో, ఎవరికి ఎక్కడ తాకితే ప్రాణం విలవిల్లాడుతుందో, అన్నీ పదకొండేళ్ళుగా ఆమె రాసి పెట్టినవే. ఆ ఇంట్లో కాళ్ళు చేసేది మొగుడైతే కొలిచేది ఆమె.

ఆ ఆరువందల పదముగ్గురిలో ఒకాయన ఇప్పుడు ముందు గదిలోనే కూర్చుని ఉన్నాడు. బస్సు కండక్టరు. రెండింటికి రమ్మంటే ఒకటిన్నరకే వచ్చాడు. చంకకర్రలు గోడకి ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు దగ్గరికి వచ్చినవాడిలా బుద్ధిగా కూర్చున్నాడు. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆయనకి డిపోలో పరీక్ష. ఆఫీసర్ల ఎదుట నడవాలి, బస్సు మెట్లెక్కాలి, దిగాలి. ఎక్కి దిగితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే దణ్ణం పెట్టి ఇంటికి పంపిస్తారు.

కొలత ఈ సాయంత్రం అచ్చు చెక్కే మిషనుకి ఎక్కితే, ఆదివారమంతా పనిచేసి సోమవారం తెల్లారేసరికి కాలు చేతికివ్వచ్చు. ఆ కొలత సర్వర్లో ఉంది. మళ్ళీ కొలుద్దామంటే వీల్లేదు. ఆ కొలత తీసిన వారానికే పాత కాలు ఒరుసుకుని పుండు పడింది, చుట్టూ వాచింది. వాపు మీద తీసిన కొలతతో కాలు చేస్తే, వాపు తగ్గాక అది డబ్బాలో గులకరాయిలా గలగల్లాడుతుంది. "పది రోజులు ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు, మీ కొలత మా దగ్గర భద్రంగా ఉంది" అని ఆయనకి చెప్పి, కట్టు కట్టి, పిన్ను పెట్టి పంపించింది ఆమే.

"నేను కట్టానంటే కట్టాను!"

వెనక వర్క్‌షాపులోంచి భర్త వచ్చాడు. మోచేతుల దాకా ప్లాస్టర్ పొడి. "బుధవారం కట్టాను. సెల్‌ఫోన్ల కొట్టువాడి దగ్గర క్రిప్టో కాయిన్లు కొని, వాడి ఎదురుగుండా కూర్చుని మరీ పంపించాను. చేరినట్టు ఫోన్లో చూపించాడు కూడా."

"చేరితే మరి ఇదేమిటండీ?"

"నన్నడుగుతావేం? ఆ దిక్కుమాలిన కంపెనీనే అడుగు!"

"అడగడానికి దానికో నోరుండి ఏడవాలి కదా!"

అదీ నిజమే. రెండేళ్ళ కిందట పాత కంపెనీ వీళ్ళ కార్డుని రెండుసార్లు తిప్పికొట్టి, వారం రోజులు సర్వర్ ఆపేసింది. అప్పుడు మరిది ఎక్కణ్ణుంచో ఈ కంపెనీని పట్టుకొచ్చాడు. పేరడగరు, ఊరడగరు, కార్డడగరు. బ్యాంకుతో పనిలేని ఆ క్రిప్టో డబ్బు పంపితే చాలు, సర్వర్ నడుస్తుంది. చవక కూడాను. అబ్బో, అందరికీ తెగ నచ్చేసింది. మన పేరడగనివాడు ఆపదలో మనల్ని గుర్తుపట్టడన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

భర్త నీలం అట్ట పుస్తకం తెచ్చి బల్ల మీద కొట్టాడు. ప్లాస్టర్ పొడి లేచింది.

"చూడు. పోయినేడాది నీ మరిది కట్టినప్పుడు పక్కన కూర్చుని నా చేత్తో రాసుకున్న కాయిన్ల అడ్రసు. నలభై రెండు అక్షరాలు. ఒక్కటి పొల్లుపోలేదు. మూడుసార్లు సరిచూసి పంపాను."

పనిమంతుడే, కాదనలేం. కానీ తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. నాలుగోది చూపిస్తే, అది మన వర్క్‌షాపులో తగిలించిందే అయ్యుంటుందని వాదిస్తాడు.

వీధిలో బండి ఆగిన చప్పుడైంది. అత్తగారు కుర్చీలోంచి కదలకుండానే అన్నారు.

"నేనే రమ్మన్నాను వాణ్ణి. నన్నెవరూ ఏమీ అనక్కర్లేదు."

మరిది లోపలికి వచ్చాడు. తొమ్మిది రోజుల తర్వాత రావడం. గడ్డం పెరిగింది, చొక్కా ఇస్త్రీ లేదు. హెల్మెట్ చంకలోనే ఉంచుకున్నాడు, ఎక్కువసేపు ఉండనన్నట్టు. ఇంట్లో అతన్ని పాస్‌వర్డ్ అంటారు. పదమూడో ఏట సైకిలుకి నంబర్ల తాళం వేసి, ఆ నంబరు తనే మరిచిపోయి, నాలుగు వీధులు సైకిల్ని భుజాన మోసుకొచ్చిన దగ్గర్నుంచీ ఆ పేరే. ఆ రోజు నూనె పోసి, రాయితో కొట్టి తాళం విరగ్గొట్టింది వదినే.

అన్నదమ్ములు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు.

"ఏదీ, ఎక్కడికి పంపించారో చూపించండి వదినా," అన్నాడు మరిది, అన్న రెండడుగుల దూరంలో ఉండగానే.

ఆమె పుస్తకం ముందుకి తోసింది. మరిది చూశాడు. ఒక పేజీ వెనక్కి తిప్పాడు, తేదీ చూశాడు. ఫక్కున నవ్వేశాడు. అందులో సంతోషం వీసమెత్తు లేదు.

"ఇది పోయినేడాది అడ్రసు."

"అయితే?" అన్నాడు అన్న, గోడతో.

"ఇది బ్యాంకు అకౌంటు కాదు వదినా, ఎప్పుడూ అదే ఉండటానికి. ప్రతి బిల్లుకీ ఓ కొత్త అడ్రసు ఇస్తారు. ఆ బిల్లు తీరిపోయాక ఆ అడ్రసు వాళ్ళు చూడనైనా చూడరు. డబ్బు చేరింది నిజమే. ఎవరూ తెరవని డబ్బాలోకి చేరింది." తలెత్తి ఎదురుగా గోడ వైపు చూశాడు. "అంత పెద్దక్షరాలతో రాసి పెట్టుకుని కూడా!"

గోడ మీద రేకు బోర్డుంది. వర్క్‌షాపు పెట్టిన రోజున భర్త స్వయంగా కుంచె పట్టి రాసింది. 'పాత కొలతకి కొత్త కాలు చెయ్యబడదు.' తెగ్గా మిగిలిన కాలు నెలనెలకీ రూపు మారుతుంది. పోయినేటి కొలతతో ఈ ఏడు చేస్తే మనిషి కుంటుతాడు. వచ్చిన ప్రతివాడికీ ఆయన చెప్పే మొదటి మాట ఇదే. బోర్డు పెట్టిన చేత్తోనే పాత అడ్రసు రాసుకుని, ఏడాది దాచుకుని, మూడుసార్లు సరిచూసి మరీ పంపాడు మహానుభావుడు!

పెద్ద కోడలికి ఒళ్ళు మండిపోయింది. "ఇన్నేళ్ళ నుంచీ ఊరందరికీ పాఠం చెప్పి... ఒక్కసారి అడగలేకపోయారా ఇతన్ని? ఒక్క ఫోను! ఒక్క ముక్క!"

"ఎవర్నడగాలి? గుమ్మం దాటి వెళ్ళిపోయినవాణ్ణా?"

"నువ్వు దొంగా అంటే దాటాను!" మరిది మొదటిసారి అన్న వైపు తిరిగాడు. "సర్వర్‌కిచ్చిన డబ్బులు కాయిన్లలో పెట్టి మింగేశానన్నావు. ఇదే గదిలో ముగ్గురు పేషెంట్లుండగా అన్నావు."

"బిల్లు వచ్చింది, కట్టలేదు. ఏమనుకోవాలి మరి నేను?"

"గడువింకా వారం రోజులుంది! ఆ రోజు రేటు బాగాలేదని ఆగాను. అది చెప్పేలోపే..."

"రేటు! మనుషుల కాళ్ళతో జూదమాడావన్నమాట!"

"ఆపండి!" అంది ఆమె. "ఇద్దరూ ఆపండి. గడియారం చూడండి."

నాలుగూ ఇరవై అయిదు.

"సరే, నువ్వు పాత అడ్రసుకే పంపావు," అన్నాడు మరిది. "కొత్త అడ్రసు నీకు తెలీదనుకుందాం. కానీ వాళ్ళు మెసేజ్‌లు పెడతారుగా. గడువు దగ్గర పడితే వర్క్‌షాపు ఫోనుకి వరసగా పెడతారు. నాలుగైనా వచ్చుంటాయి. ఎవరూ చూడలేదా?"

వర్క్‌షాపు ఫోను ఉండేది పెద్ద కోడలి దగ్గర. అందరూ ఆమె వైపు తిరిగారు.

వచ్చాయి. నాలుగూ వచ్చాయి. ఎర్ర గంట బొమ్మ, ఓ అంకె, కాయిన్లు పంపండన్న ముక్క, కింద ఓ బారెడు అక్షరాల తోరణం. ఒకటి అన్నం వండుతుండగా, ఒకటి ఓ ముసలాయన కాలికి పట్టీ బిగిస్తుండగా. నాలుగింటినీ ఆమె బొటనవేలితో పక్కకి తోసి తుడిచేసింది. చదవనైనా చదవలేదు.

అప్పుడే చెప్పేస్తే పోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. కానీ అంతకు నిమిషం ముందేగా "ఒక్కసారి అడగలేకపోయారా" అని మొగుడి మీద అంతెత్తున లేచింది! లేచిన మనిషికి కూర్చోవడం కష్టం.

"ఏ మెసేజూ రాలేదు," అంది.

భర్త చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "విన్నావా? రాలేదట! వస్తాయంటాడు, రావు. కడతానంటాడు, కట్టడు. ఇప్పుడు చెప్పు, దొంగంటే తప్పా?"

మరిది మొహం నల్లబడింది. తర్వాత మెల్లిగా అన్నాడు.

"వదిన రాలేదంటే రాలేదు. వదిన అబద్ధమాడదు. వాళ్ళే పంపలేదేమో. తప్పు నాదే అయ్యుంటుంది."

ఆ మాట ఆమెకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

మరిది కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. టకటకా నొక్కి కొత్త బిల్లు తీశాడు. తెర మీద నలుపూ తెలుపూ గళ్ళ చదరం, పైన తిరుగుతున్న అంకెలు. ఇరవై తొమ్మిది నిమిషాల యాభై సెకన్లు.

"కాయిన్ల రేటు నిమిషానికోలా మారుతుంది కాబట్టి, బిల్లు అరగంటే చెల్లుతుంది. ఈ అరగంట అయ్యేసరికి అయిదు అవుతుంది, ఇంకో బిల్లు తీసే టైముండదు. నొక్కగానే చేరదు కూడా, పది నిమిషాలైనా పడుతుంది. అంటే నాలుగూ యాభై లోపల నొక్కెయ్యాలి."

"నీ దగ్గరున్నాయా కాయిన్లు?" అన్నారు అత్తగారు.

"ఉన్నాయమ్మా. మింగేశానన్న కాయిన్లే. అన్నీ ఉన్నాయి." ఫోను తీసి తెర మీది చదరానికి ఎదురుగా పెట్టాడు. ఫోన్లో ఆకుపచ్చ బొత్తాం వెలిగింది. బొటనవేలు దాని మీద ఆగింది.

ఆగి, అక్కడే ఉండిపోయింది.

"నొక్కు," అంది ఆమె.

"నొక్కుతాను. అన్నయ్య ఒక్క మాట వెనక్కి తీసుకుంటే నొక్కుతాను. పది సెకన్ల పని."

"చచ్చినా తీసుకోను," అన్నాడు భర్త. "మెసేజ్‌లు వస్తాయని అబద్ధం చెప్పినవాడికి నేనెందుకు చెప్పాలి? దొంగ కంపెనీని తెచ్చిపెట్టినవాణ్ణి దొర అనమంటావా?"

"నొక్కరా!" అత్తగారి గొంతు బడి వరండాలో మోగినట్టు మోగింది. "తర్వాత తేల్చుకోవచ్చు."

"తర్వాత ఎవరు తేలుస్తారమ్మా? ఆ రోజు అన్నయ్య నన్ను దొంగన్నప్పుడు నువ్వు ఇదే కుర్చీలో కూర్చున్నావు. ఒక్క మాట అన్నావా?"

అత్తగారు నోరు మూసుకున్నారు. ఆవిడ నోరు మూయించగలిగినవాళ్ళని ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఇరవై మూడు నిమిషాలు.

ఆమె భర్త మోచేయి పట్టుకుంది. "ఒక్క మాటండీ. నోరు అరిగిపోదు. ముందు గదిలో ఆయన కూర్చున్నాడు, సోమవారం ఆయన బతుకు..."

"నాకు తెలీదా ఆయన సంగతి? అడ్డమైనవాడి కాళ్ళు పట్టుకుంటేగానీ నేను కాలు చెయ్యలేనా? నేనేం తప్పు చేశానని? మెసేజ్ వచ్చుంటే చూసేవాళ్ళం కదా! వచ్చిందా? రాలేదని నువ్వే అంటివి!"

నిజం. ఆమే అంది. ఆయన కాళ్ళ కింద ఉన్న పీట ఆమె వేసిందే. ఆ అబద్ధం మీద నిలబడే ఆయన అంత ఎత్తున అరుస్తున్నాడు. అది లాగేస్తే దిగక తప్పదు. లాగాల్సింది ఆమే. తెర మీది అంకెల వైపు తిరిగింది.

పద్దెనిమిది నిమిషాలు. పదిహేడు. మరిది నుదుటి మీద చెమట. భర్త బల్ల అంచు మీద గట్టిపడిన ప్లాస్టర్ని గోటితో గీరుతున్నాడు. నొక్కాలని ఇతనికీ ఉంది, అనాలని ఆయనకీ ఉంది. ఎవరి మొండితనం వాళ్ళకి ముద్దు.

"అసలు ఆ ప్లాస్టర్ అచ్చులుంటే ఈ ఏడుపు లేదు," అన్నారు అత్తగారు, గాలితో. "మూడు వరసల అరల్లో, నీలం పెన్సిలుతో పేర్లు రాసి, ఒక్కొక్కరి కాలూ రాయిలా ఉండేది. పిండి పిండి చేశారు. ముందు సుత్తి పట్టుకున్నది ఎవరు?"

ఠక్, ఠక్ మని చంకకర్రల చప్పుడు. కండక్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కుడి పంట్లాం మోకాలి కింద మడిచి కుట్టి ఉంది.

"ఏమీ అనుకోకండి సారు," అన్నాడు, నవ్వబోయి. "మా బస్సులోనూ రోజూ గొడవలే. సీటు నాదంటే నాదని చొక్కాలు పట్టుకుంటారు. మేం ఒకటే చెప్తాం. ముందు టికెట్టు తీసుకోండి, తర్వాత తీరుబడిగా కొట్టుకోండి, బస్సు మాత్రం ఆగదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా సగంలో ఆగింది.

"సోమవారం ఎనిమిదింటికమ్మా," అన్నాడు ఆమెతో. ఆమెతోనే.

గడియారం నాలుగూ యాభై దాటింది. యాభై ఒకటి. యాభై రెండు.

"సుత్తి నేనే పట్టుకున్నానత్తయ్యా," అంది పెద్ద కోడలు.

తన గొంతు తనకే కొత్తగా ఉంది. ఒకసారి మొదలయ్యాక ఇక ఆగలేదు.

"ఇంటినిండా ఆ తెల్లపొడి చూసి విసుగెత్తి, సర్వర్లో ఉన్నాక ఇవెందుకని మొదటి దెబ్బ నేనే వేశాను. మెసేజ్‌లు కూడా వచ్చాయి. నాలుగూ వచ్చాయి. నేనే తుడిచేశాను."

భర్త గీరుతున్న వేలు ఆగిపోయింది.

"పోయినేడాది ఎవడో కాయిన్లు పంపకపోతే నా ఫోటోలు బయటపెడతానని బెదిరించాడు, గుర్తుందా?" అంది మరిదితో. "నేను హడలిపోతే నువ్వేమన్నావు? 'కాయిన్లడిగేవాడు ఎవడైనా దొంగే వదినా, చదవకుండా తుడిచెయ్యండి' అన్నావు. తుడిచాను. నువ్వు చెప్పినట్టే చేశాను. అక్కడి దాకా నా తప్పు కాదు. కానీ ఇందాక రాలేదన్నాను చూడు, అది నా తప్పే. నిన్ను మళ్ళీ దొంగని చేసింది నేనే."

మరిది ఆమె మొహంలోకి చూశాడు. కోపం కాదు అది. చిన్నప్పుడు తాళం పడిపోయిన సైకిలు మోసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డప్పుడు కూడా ఇలా చూడలేదు.

"ఇరవై అయిదు నిమిషాలు వదినా," అన్నాడు. "ఇరవై అయిదు నిమిషాలు నేను మీ పక్కనే కూర్చున్నాను."

బొటనవేలితో నొక్కాడు. ఇక ఎవరి మాట కోసమూ ఆగలేదు.

ఫోన్లో చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. నాలుగూ యాభై మూడు. నలుగురూ తెర చుట్టూ చేరారు, అత్తగారు కూడా లేచి వచ్చారు. పంపబడింది. ఎదురుచూస్తున్నాం. యాభై ఆరు. ఎదురుచూస్తున్నాం. యాభై తొమ్మిది. భర్త పెదాలు కదిలాయి. తమ్ముడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, పొడి అంటుతుందనో మరెందుకో, వెనక్కి తీసుకున్నాడు.

చదరం మాయమైంది. అంకెలు సున్నాలయ్యాయి. అయిదు దాటిన మూడో నిమిషంలో తెర మీద కొత్త వాక్యం పడింది. మరిది పైకి చదివాడు.

"'గడువు దాటిన తర్వాత మీ చెల్లింపు అందింది. మా సిబ్బంది పరిశీలించి, సోమవారం పనివేళల్లో సమాధానమిస్తారు.'"

"తుడిచేశారా, లేదా?" అన్నాడు భర్త.

"అది రాయలేదు."

"రాయకపోతే ఎలా? అడుగు!"

"ఎవర్నడగను అన్నయ్యా!" మరిది అరిచాడు. అరిచి, హెల్మెట్ చేతిలోకి తీసుకుని, ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాడిలా నిలబడిపోయాడు.

ఇరవై అయిదు నిమిషాల కిందట నొక్కి ఉంటే ఈపాటికి మిషను తిరుగుతూ ఉండేది.

కండక్టరు గుమ్మంలోంచి కదిలాడు. ఠక్, ఠక్. నేరుగా కొలతల బల్ల దగ్గరికి వెళ్ళి, చంకకర్రలు పక్కన పడుకోబెట్టి, బల్లెక్కి కూర్చున్నాడు. మడిచిన పంట్లాం కుట్లు విప్పి పైకి లాక్కున్నాడు. ఆమె కట్టిన కట్టు, ఆమె పెట్టిన పిన్ను, తొమ్మిది రోజులుగా చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి.

"కొలవండమ్మా," అన్నాడు.

"వాపు తగ్గలేదండీ. పుండింకా మానలేదు. ఇప్పుడు ప్లాస్టర్ వేసి లాగితే తోలు లేచి వస్తుంది. చేసినా ఆ కాలు నిలవదు. నా మాట వినండి..."

"మీ మాటే విన్నానమ్మా ఇన్నాళ్ళూ." గొంతు పెంచలేదాయన. రద్దీ బస్సులో వెనక సీటు దాకా వినిపించే గొంతు, ఇప్పుడు బల్ల దాటి రావడం లేదు. "ముట్టుకోవద్దన్నారు, మా ఆవిణ్ణి కూడా ముట్టుకోనివ్వలేదు. కొలత భద్రంగా ఉందన్నారు, నిశ్చింతగా నిద్రపోయాను. మెసేజ్ రాలేదన్నారు, ముందు గదిలో కూర్చుని అదీ విన్నాను. ఇప్పుడు పుండు మానలేదంటున్నారు."

భర్త ఏదో అనబోయాడు. అత్తగారు చెయ్యెత్తి ఆపారు.

"వీటిలో ఏది నమ్మమంటారు నన్ను?"

కండక్టరు వంగి, కట్టు పిన్ను తనే ఊడదీసి, ఆమె అరచేతిలో పెట్టాడు.